ఏరిన బొమ్మలో ఎవరి ముఖం?



ఈసారి పద్యం గురించి కాదు, ఛందస్సు గురించీ కాదు. ఫొటోల గురించి ఒక తగవు తెచ్చాను. తెలుగుపండితుడికి ఫొటోలతో ఏం పని అని అడగబోయేవారికి ముందే సమాధానం చెబుతాను. కథ ఎక్కడ ఉంటే అక్కడ తెలుగుపండితుడికి పని ఉంటుంది. ఇప్పుడు కథ కెమెరాలో దూరింది. కనుక నేనూ దాని వెంట వెళ్లక తప్పలేదు.

మా ముదిగొండ నుండి ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే దారిలో అడవి దట్టమయ్యే చోట ఈ మధ్య ఒక కొత్త వేడుక కనబడుతోంది. పెండ్లికి ముందు తీయించుకునే ఫొటోషూట్లు పాతబడినట్లున్నాయి. ఇప్పుడు కథల ఫొటోషూట్లు వచ్చాయి. ఒక రాజకుమారి కథనో, ఏడుగురన్నల చెల్లెలి కథనో తీసుకుంటారు. దానిని భయపెట్టే కథగా మలుస్తారు. ఒకరికి పట్టుపావడా కడతారు, ఒకరికి జుట్టు విరబోస్తారు. పొగ వదులుతారు, ఎర్రదీపం పెడతారు, చీకటి పడేదాకా బొమ్మలు తీస్తారు. ఈ వేడుకతో నాకు ఏ పేచీ లేదు. భయపెట్టడమూ ఒక కళే. నవరసాలలో భయానకం ఒకటి గనుక దానిని సాధించబూనిన పిల్లలను నేను మెచ్చుకుంటాను. నా పేచీ అంతా ఆ తరువాత జరిగే పనితో. అనగా, తీసిన వందల బొమ్మలలో దిద్దుబాటుకు వేటిని ఏరుతారు, వేటిని పారవేస్తారు అన్నదానితో.

నా వాదం ఒక్క మాటలో ఇది. మన ప్రాంతంలో భయానకకథకు బొమ్మలు ఏరేటప్పుడు, ముసలితనాన్నీ పేదరికాన్నీ నల్లని చర్మాన్నీ గూడెపు వేషాన్నీ దయ్యంగా చూపే బొమ్మను తీసి పక్కన పెట్టాలి. అది రసదృష్ట్యా నాసిరకపు బొమ్మ. లోకదృష్ట్యా ప్రమాదకరమైన బొమ్మ. ఈ రెండూ వేరువేరు కారణాలుగా కనబడతాయి గాని, చివరికి ఒకటేనని నిరూపించడానికి ఈ టపా.

ముందుగా ఏరిక ఎలా జరుగుతుందో, తెలియనివారి కోసం చెబుతాను. ఫిల్ము రోజులలో ఒక రీలుకు ముప్పయ్యారు బొమ్మలు. మీట నొక్కే ముందే మనసులో ఏరిక జరిగిపోయేది. ఇప్పుడు ఒక సాయంత్రానికి ఐదారువందలు పోగవుతాయి. వాటిని కంప్యూటరులో పోసి, మొదటి విడతలో కళ్లు మూసుకున్నవీ, మసకబారినవీ తీసివేస్తారు. రెండో విడతలో ఒకే భంగిమలో ఉన్న పదింటిలో ఒకటి ఉంచుతారు. మూడో విడతలో నక్షత్రాలు వేస్తారు, మేము జవాబుపత్రాలకు మార్కులు వేసినట్లే. లైట్‌రూమ్ వంటి సాధనాలలో ఇందుకు జెండాలూ నక్షత్రాలూ ఉన్నాయి. మిగిలిన ఇరవై ముప్పయి బొమ్మలే దిద్దుబాటుకు వెళతాయి. అక్కడ నీడలను ఇంకా నలుపు చేస్తారు, మొత్తం బొమ్మకు నీలిపచ్చ ఛాయ పూస్తారు, కంటి తెల్లగుడ్డును మెరిపిస్తారు. క్లారిటీ అనే మీట ఒకటుంది. దానిని కుడివైపుకు జరిపితే ముఖంమీది ప్రతి ముడతా గీత గీసినట్లు లోతుగా కనబడుతుంది. ఎడమవైపుకు జరిపితే అదే ముఖం మెత్తబడుతుంది. కనుక ఎవరి ముఖానికి ఏ వైపు జరపాలో నిర్ణయించేది యంత్రం కాదు, మనిషి.

ఇది నిన్న మొన్నటి విద్య అనుకోవద్దు. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్‌సన్ అనే ఛాయాగ్రాహకుడు 1858లోనే ఎర్రటోపీ పిల్ల, తోడేలు కథను నాలుగు ఫొటోలుగా తీశాడు. అదే ఏడాది ఆయన చనిపోతున్న యువతి దృశ్యాన్ని ఐదు నెగటివులు కలిపి ఒక్క బొమ్మగా అచ్చువేస్తే, మృత్యువును ఇలా కల్పించి చూపవచ్చునా అని పెద్ద దుమారం రేగింది. అనగా ఏరడం, కూర్చడం, దిద్దడం ఫొటోతోపాటే పుట్టాయి. ఇది తగునా అన్న ప్రశ్న కూడా వాటితోపాటే పుట్టింది. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఇక అసలు సంగతి. ఇటువంటి షూటింగు ఒకదాని ఫోల్డరు ఇటీవల నా దగ్గరకు వచ్చింది. తీసిన కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. ఊరూ పేరూ ఇక్కడ అనవసరం. బొమ్మల కింద రెండేసి వాక్యాలు మంచి తెలుగులో వ్రాసిపెట్టమన్నాడు. మొత్తం ఆరువందల నలభై బొమ్మలు. ఏరినవి ఇరవైనాలుగు. ఆ ఇరవైనాలుగింటిలో పదకొండింటిలో ఒకే ముసలమ్మ ఉంది. దగ్గరి గూడెం నుండి ఒక పూట కూలికి పిలిచి కూర్చోబెట్టిన కోయ అవ్వ. ఆమెకు వేషం వేయనక్కరలేకపోయిందని కుర్రవాళ్లు సంబరపడ్డారట. ఆమె కట్టుకున్న చీర, మెడలోని పూసలు, పచ్చబొట్లు, చేతికర్ర అన్నీ ఉన్నవి ఉన్నట్లే మంత్రగత్తె సామగ్రి అయిపోయాయి. క్లారిటీ మీటను పూర్తిగా కుడికి తోశారు. చర్మాన్ని మరింత నల్లగా, కన్నును మరింత తెల్లగా చేశారు. రాజకుమారి ముఖానికి మాత్రం అదే మీట ఎడమవైపుకు పోయింది. మరి రెండు బొమ్మలలో, కోయలు పండుగలలోనూ పెండ్లిళ్లలోనూ ధరించి నృత్యం చేసే కొమ్ముల తలపాగా రాక్షసుడి నెత్తిమీద ఉంది.

పారవేసిన ఆరువందల పదహారింటిని కూడా తెరిచి చూశాను. పండితుడికి కొట్టివేతలు చదివే అలవాటు పోదు. అందులో ఒక బొమ్మ చూచి నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. మద్దిచెట్టు కొమ్మకు చీరతో కట్టిన ఉయ్యాల. ఉయ్యాలలో ఎవరూ లేరు. కాని చీర కిందికి బరువుగా లాగి ఉంది, లోపల ఏదో పడుకున్నట్లు. ఇంకొకటి, రాజకుమారి నవ్వుతూ నిలబడింది. రెండు దీపాల మూలంగా ఆమెకు రెండు నీడలు పడ్డాయి. ఒక నీడ ఆమెలాగానే ఉంది, రెండోది గుడిసె గోడమీద వంకరపోయి ఆమెకన్నా పొడవుగా ఉంది. ఈ రెండూ ఎందుకు తీసివేశావని ఫోనులో అడిగితే, "వాటిలో ఏముంది సార్, ఏం లేదు గదా" అన్నాడు. నాయనా, ఏమీ లేకపోవడమే భయమంటే అన్నాను. వాడికి అది నచ్చలేదు. నాకు వాడి ఏరిక నచ్చలేదు. ఆ వాక్యాలు నేను వ్రాయలేదు.

వాడికి ఫోనులో చెప్పలేకపోయినదంతా ఇక్కడ చెబుతాను. మన బ్లాగరులలో కెమెరా పట్టినవారు చాలామంది ఉన్నారు గనుక వారికీ పనికివస్తుంది.

భరతుడి నాట్యశాస్త్రం భయానకరసానికి ఏయే విభావాలు చెప్పిందో అలంకారశాస్త్రం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. వికృతమైన ధ్వనులు, భూతాల దర్శనం, నక్కలూ గుడ్లగూబలూ కలిగించే దడ, పాడుబడిన ఇల్లు, అరణ్యప్రవేశం, అయినవారు చనిపోయారనో బందీలయ్యారనో వినడం. ఈ పట్టికలో ముసలమ్మ ముఖం ఎక్కడా లేదు. అనుభావాలు చూడండి: కాళ్లూ చేతులూ వణకడం, చూపు నిలకడ తప్పడం, రోమాంచం, ముఖం రంగు మారడం, గొంతు పట్టుకుపోవడం. ఇవన్నీ భయపడే మనిషిలో కనబడే గుర్తులు, భయపెట్టేవారిలో కాదు. అనగా భయానకచిత్రానికి కేంద్రం భయపడుతున్న ముఖం, లేదా భయం పుట్టించే శూన్యం. చూడగానే రోత పుట్టించాలనే బుద్ధితో తీసింది భయానకం కాదు, బీభత్సం. దానికి స్థాయి జుగుప్స. దానికి రంగు కూడా వేరే చెప్పాడు భరతుడు. భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం. మన కుర్రవాళ్లు బొమ్మలన్నింటికీ నీలిఛాయ పూస్తున్నప్పుడు, తమకు తెలియకుండానే నిజం ఒప్పుకుంటున్నారేమో.

ఇదే శాస్త్రంలో ఒక మాట ఉంది, దానిని నేను సమర్థించను. భయమనేది స్త్రీలకూ నీచప్రకృతులకూ సహజమని అది అంటుంది. ఆనాటి సంఘం ఎంత చూడగలిగిందో అంతే వ్రాశారు. అయితే ఆ పాత పక్షపాతానికి ఇప్పుడు జరిగినదేమిటో గమనించండి. అప్పుడు స్త్రీ, పేద, అడవివాసి భయపడేవారు. ఇప్పుడు స్టూడియోవారి ఏరికలో ముసలి స్త్రీ, పేద, అడవివాసి భయపెట్టేవారు అయ్యారు. భయపడే హక్కు పట్టుపావడా కట్టినవారికి దక్కింది. అవ్వ ముఖంలో కూడా భయం ఉండవచ్చునన్న ఆలోచన ఆ ఇరవైనాలుగు బొమ్మలలో ఒక్కదానిలోనూ లేదు.

మన పురాణకథలు ఇంతకన్నా తెలివైనవి. మన సాహిత్యంలో అసలైన భయం అందంగా వస్తుంది. పోతనగారి భాగవతంలో పూతన వికారంగా రేపల్లెకు రాలేదు. చూచిన గోపికలు తమను తాము మరిచిపోయేంత సౌందర్యంతో వచ్చింది. మారీచుడు బంగారులేడిగా వచ్చాడు. రావణుడు సన్యాసి వేషంలో భిక్ష అడిగాడు. భద్రాచలానికి దగ్గరలోని పర్ణశాలకు వెళ్లినవారికి ఆ స్థలపురాణం తెలిసే ఉంటుంది. లేడి కనిపించింది అక్కడేనని, సీతమ్మను ఎత్తుకుపోయింది అక్కడినుండేనని మా ప్రాంతపు నమ్మకం. ఆ కథను ఒక్కసారి మా అడవిలో నిలబడి చదవండి. ఎత్తుకుపోయినవాడు గూడెంవాడు కాదు. బంగారు నగరం నుండి విమానంలో వచ్చిన వేదవిదుడు. అడవిలో ఉన్న ముసలామె ఎవరయ్యా అంటే శబరి. ఆమె పండ్లు పెట్టింది, దారి చెప్పింది. ఆమె పేరున్న నది కూనవరం దగ్గర ఇప్పటికీ గోదావరిలో కలుస్తూనే ఉంది. శబరి నడిచిన అడవి అని చెప్పుకునే చోటికి కెమెరా మోసుకుపోయి, శబరి వయసున్న ఆమెను కూర్చోబెట్టి మంత్రగత్తెను చేయడం మన కథ కాదు. ఎవరిదో తెచ్చి మన అడవికి అంటగట్టినది.

మరి శూర్పణఖ మాటేమిటి, వాల్మీకి ఆమెను వికృతంగానే వర్ణించాడు గదా అని కొందరు పండితమిత్రులు అడుగుతారు. నిజమే. రాముడి రూపంతో ఒక్కొక్కటే పోల్చి మరీ ఆమె వికారాన్ని చెప్పాడు. కాని ఆ ఘట్టంలో పాఠకుడికి కలిగేది భయమా? ముందు హాస్యం, తరువాత జాలి కలిసిన ఇబ్బంది. గుండె ఆగేది సన్యాసి పర్ణశాల ముందు నిలబడినప్పుడు. వాల్మీకికి ఈ తేడా తెలుసు.

మన బొమ్మల చరిత్రలో కూడా ఈ తెలివి ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామలో బేతాళకథలకు శంకర్‌గారు వేసిన బొమ్మ మనందరి కళ్లలో ఉంది. కత్తి పట్టిన రాజు, భుజాన శవం. 2020లో తొంభైఆరేళ్ల వయసులో ఆయన మరణించేనాటికి, ఆ బొమ్మ చూస్తూ పెరిగిన తరాలు ఎన్నో. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. అందులో శ్మశానం ఉంది, శవం ఉంది, చీకటి ఉంది. కాని చూపు వెళ్లేది రాజు నడకమీదికి. ఆ బొమ్మ చూచి భయపడిన పిల్లవాడు ఎవడూ పక్కింటి అవ్వను చూచి భయపడలేదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళమాంత్రికుడు ఎవరు? ఎస్.వి.రంగారావుగారు. దర్జా, గడ్డం, తియ్యని మాట, విద్య, ఆశ. ఒక యువకుడిని బలి ఇచ్చి శక్తి సంపాదించాలన్న లెక్క. మార్కస్ బార్ట్‌లే ఆ నల్లతెల్ల బొమ్మకు వెలుగునీడలు కూర్చాడు. ఆ మాంత్రికుడిలో భయపెట్టేది పేదరికం కాదు, తెలివి దారితప్పడం. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ కూడా అంతే. మన జానపదం భయాన్ని అధికారంలో చూపింది. మన ఫొటోషూటు దానిని నిస్సహాయతలో చూపుతోంది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పి ముందుకు వెళతాను. పురుడు పోసే స్త్రీని తెలుగులో మంత్రసాని అంటాం. ఊరిలో సగంమందిని లోకంలోకి తెచ్చిన చేతులు ఆమెవి. ఆకులూ వేర్లూ తెలిసిన చేతులు. అదే స్త్రీ వయసుమళ్లి, ఒంటరిదై, చేరదీసేవారు లేక ఊరి చివర ఉంటే, ఎవరి బిడ్డకో జ్వరం వచ్చిన రోజున అదే మంత్రం అన్న మాట మరో తోక తగిలించుకుని మంత్రగత్తె అవుతుంది. నిఘంటువులో ఈ రెండు పదాల మధ్య దూరం నాలుగైదు వరుసలు. ఊరిలో ఒక పుకారంత దూరం.

నేను చెప్పే ప్రమాదం ఇదే. చేతబడి, బాణామతి, చిల్లంగి, ఏ పేరుతో పిలిచినా, ఆ అనుమానంతో మనుషులను కొట్టడం, చంపడం మన ఉభయరాష్ట్రాలలోనూ ఎన్నోమార్లు పత్రికలకెక్కిన సంగతి. జాతీయ నేర గణాంకాలలో హత్యకు కారణాల పట్టికలో మంత్రవిద్య అనే వరుస విడిగా ఉంది. మన అడవికి ఆవలి ఒడ్డున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని నేరం చేస్తూ ప్రత్యేకచట్టాలు చేసుకోవలసివచ్చింది. అంతకుముందే బీహారు 1999లోనూ, ఝార్ఖండ్ 2001లోనూ చేసుకున్నాయి. కథలోని పాత్రమీద ఎవరూ చట్టం చేయరు. ఇన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయంటే, ఆ పాత్ర కథ దాటి వీధిలో తిరుగుతోందనే అర్థం. ఐరోపాలో మంత్రగత్తె బొమ్మ నేడు పిల్లల వేడుక కావచ్చు. అక్కడ ఆ పేరుతో మనుషులను కాల్చడం ఆగిపోయి శతాబ్దాలైంది. ఇక్కడ ఆగలేదు. ఆ వేషాన్ని అరువు తెచ్చుకునేవాడు ఈ తేడా తెలిసి తెచ్చుకోవాలి.

"బొమ్మకూ హత్యకూ ముడి పెడుతున్నారే" అని మీరు అనవచ్చు. బొమ్మ కథతోపాటు ఉన్నంతసేపూ ముడి లేదు. కథకు మొదలు ఉంది, ముగింపు ఉంది, అనగనగా అన్న హెచ్చరిక ఉంది. బొమ్మకు ఇవేవీ లేవు. అది ఫోను నుండి ఫోనుకు పోయేటప్పుడు కథ రాలిపోతుంది, ముఖం ఒక్కటే మిగులుతుంది. 2018లో జరిగింది మరిచిపోయారా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో దేశమంతా తిరిగిన వీడియోలలో ఒకటి నిజానికి కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచారచిత్రం. అందులో ఎత్తుకుపోయిన పిల్లవాడిని వెంటనే తిరిగి తెచ్చి దింపి, తల్లిదండ్రులకు జాగ్రత్త చెబుతూ ఒక అట్ట చూపుతారు. ఎవరో ఆ చివరి భాగం కోసివేశారు. దిద్దుబాటు అంతే! ముగింపు పోయింది, భయం మిగిలింది. దేశంలో ఎందరో అమాయకులు మూకల చేతిలో చనిపోయారు. ఆ ఏడాది మే నెలలో ఇదే వదంతిమీద హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరిగారు పోలీసులను ఊరూరికీ పంపి, పాటలు కట్టించి పాడించి, వదంతులు నమ్మవద్దని చెప్పించవలసివచ్చింది. జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది.

ఆ చనిపోయినవారు ఎవరో గమనించారా? ఊరికి కొత్తవారు, బిచ్చమెత్తేవారు, వేషం వేరైనవారు, మాట వేరైనవారు. మూక ఎవరిని ఏరుకున్నదో చూడండి, ఫొటోషూటు ఎవరిని ఏరుకున్నదో చూడండి. ఏరిక ఒకటే. నేను ఆ కుర్రవాళ్లను హంతకులనడం లేదు. వారికి ఎవరిమీదా కోపం లేదని నాకు తెలుసు. వారి కంటికి అలవాటైపోయిన ముఖం అలా ఉంది, అంతే. కాని అలవాటును పరీక్షించడానికే ఏరిక అనే మెట్టు ఉన్నది. తీసేటప్పుడు చీకటి, తొందర. ఏరేటప్పుడు కుర్చీ ఉంది, వెలుగు ఉంది, ఆలోచించడానికి రెండు రోజుల వ్యవధి ఉంది.

కొందరి ఆక్షేపణలు నాకు ముందే వినబడుతున్నాయి.

మొదటిది: ఆమె ఒప్పుకునే కూర్చుంది, కూలి కూడా ఇచ్చారు. అయ్యా, ఆమె కూర్చోవడానికి ఒప్పుకుంది. దేనిగా మారతానో చూచి ఒప్పుకుందా? దిద్దిన బొమ్మను ఆమెకు చూపారా? "నిన్ను మంత్రగత్తెగా ఊరంతటికీ చూపుతాము, మీ గూడెంలో కూడా చూస్తారు" అని చెప్పారా? చెప్పి ఉంటే నాకు పేచీ లేదు. చెప్పరని నాకు తెలుసు.

రెండవది: కళాకారుడి స్వేచ్ఛ. స్వేచ్ఛను నేను కాదనడం లేదు. నిషేధం పెట్టమని ఏ సర్కారుకూ అర్జీ పెట్టడం లేదు. ఆరువందల నలభైలో ఇరవైనాలుగు ఏరడం స్వేచ్ఛే అయితే, వేరే ఇరవైనాలుగు ఏరమనడమూ విమర్శకుడి స్వేచ్ఛే. విమర్శను నిషేధమని పిలవడం ఈ కాలపు రోగం.

మూడవది: అలా అయితే అడవివారిని బొమ్మలలోకే రానివ్వరా? ఈ ప్రశ్న వేసేవారు అడవివారి బొమ్మలు చూడలేదని అర్థం. మా ప్రాంతపు డోలికోయలు తమ వేల్పుల కథ చెప్పేటప్పుడు పడిగె అనే గుడ్డమీది బొమ్మలను విప్పుతారు. ఎవరి బొమ్మ ఉండాలి, ఏ వేల్పు పక్కన ఏ గుర్తు ఉండాలి అన్నది వారే నిర్ణయించుకుంటారు. అది తరాల ఏరిక. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు డోలు మోగిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అక్కడా యుద్ధం ఉంది, చావు ఉంది, వెంట్రుకలు నిక్కబొడిచే ఘట్టాలు ఉన్నాయి. కాని ఆ కథలో అడవిస్త్రీ మంత్రగత్తె కాదు, వనదేవత. కొమ్ముల తలపాగా అక్కడ రాక్షసవేషం కాదు, మర్యాద. అడవివారిని బొమ్మలోకి తెచ్చుకోండి. రాజకుమారిగా తెచ్చుకోండి, భయపడే తల్లిగా తెచ్చుకోండి, కథ చెప్పే అవ్వగా తెచ్చుకోండి. తెచ్చిన ప్రతిసారీ దయ్యంగానే ఎందుకు తెస్తారు?

నాలుగవది, కొంచెం బరువైనది: ఇన్ని లెక్కలు చూచుకుంటే భయానకం చప్పబడదా? చప్పబడదు, పదునెక్కుతుంది. సులభంగా దొరికే ముఖాన్ని తీసివేస్తేనే కష్టమైన బొమ్మవైపు చేయి పోతుంది. ఆ ఉయ్యాల బొమ్మను చూడండి. అందులో ఎవరినీ అవమానించలేదు. పొగ లేదు, రక్తం లేదు, నీలిఛాయ కూడా అక్కరలేదు. లోపల ఏముందో ప్రతివాడూ తన బుద్ధికొద్దీ ఊహించుకుని భయపడతాడు. అవ్వ ముఖాన్ని చూచి భయపడేవాడు తనకు ఇదివరకే ఉన్న అసహ్యాన్ని మళ్లీ ఒకసారి చూచుకుంటాడు. అది కొత్త అనుభవం కాదు. రసం అంటే ఉన్న ద్వేషాన్ని గోకడం కాదుగదా! రసదృష్ట్యా నాసిరకం, లోకదృష్ట్యా ప్రమాదకరం, రెండూ ఒకటేనని మొదట అన్నది ఇందుకే. ఏ సోమరితనం బొమ్మను నాసిరకం చేస్తున్నదో, అదే దానిని ప్రమాదకరమూ చేస్తున్నది.

కావున కెమెరా పట్టే మిత్రులకు నా సూచనలు నాలుగు. పంతులు అలవాటు, వరుసపెట్టి చెబుతాను.

ఒకటి. జెండా పెట్టే ముందు ప్రతి బొమ్మనూ కథ తీసివేసి చూడండి. కింద వాక్యం లేకుండా, పక్క బొమ్మలు లేకుండా, తెలియనివాడి ఫోనులో ఈ ఒక్కటే పడితే వాడు దానిని కథ అనుకుంటాడా, వార్త అనుకుంటాడా? వార్త అనుకునే అవకాశం ఉంటే పక్కన పెట్టండి.

రెండు. దయ్యం ముఖాన్నీ రాజకుమారి ముఖాన్నీ పక్కపక్కన పెట్టి, మీటలు ఎటు జరిపారో చూచుకోండి. ఒకరికి కుడికి, ఒకరికి ఎడమకు జరిగి ఉంటే, ఆ తేడా కథ అడిగినదా, మీ అలవాటు అడిగినదా?

మూడు. వేషం కానిదాన్ని వేషంగా వాడకండి. ఒకరి పండుగబట్ట, ఒకరి పచ్చబొట్టు, ఒకరి వేల్పుగుర్తు మీ బొమ్మలో రాక్షసచిహ్నం కాకూడదు. మీ తాతగారి అంగవస్త్రాన్ని ఎవరైనా పిశాచానికి కప్పితే మీకెలా ఉంటుందో అలాగే.

నాలుగు. అన్నిటికన్నా తేలికైనది. ఏరిన బొమ్మను అందులో ఉన్న మనిషికి చూపండి. ఆమె నవ్వితే ఉంచండి. ఆమె మాట్లాడకుండా ఫోను తిరిగి మీ చేతిలో పెడితే తీసివేయండి.

ఈ నాలుగూ పాటించడానికి అదనంగా రూపాయి ఖర్చు లేదు. కొత్త కటకం అక్కరలేదు. దిద్దుబాటుకు కూర్చునే ముందు ఒక గంట చాలు. జవాబుపత్రాలు దిద్దిన ముప్పయ్యేళ్లలో నేను గమనించినదొకటి ఉంది. ఎర్రసిరా చేతిలో ఉన్నవాడికి పత్రం వెనుక పిల్లవాడు కనబడడం మానేస్తాడు. అప్పుడిక వాడు తప్పులు దిద్దడు, మనిషినే కొట్టివేస్తాడు. మీట చేతిలో ఉన్నవారికీ ఈ గండం ఉంది.

విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యలు వ్రాయవచ్చు. నాట్యశాస్త్రం విషయంలో నన్ను సవరించేవారికి ప్రత్యేకంగా స్వాగతం. ఒక్కటే షరతు. మీ వాదానికి ఉదాహరణగా ఏ ముసలమ్మ బొమ్మనూ జతచేయవద్దు.